నివాసానికి రుజువు

మా గల్లీలో ఒక రివాజు ఉంది. చెక్క గోడ అవతల నుంచి వినబడింది ఎవరూ బయట మాట్లాడకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ ఎవరికీ నేర్పలేదు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడుగు ఉన్న ఒంటిగది ఖోలీల మధ్య అరంగుళం పలకలు నిలబెట్టుకుని మూడు తరాలుగా బతుకుతున్నవాళ్ళం. పక్కింటి మొగుడూ పెళ్ళాల పోట్లాట మొదటి నుంచి చివరిదాకా విని, పొద్దున్నే నల్లా దగ్గర "నీళ్ళొచ్చినయా వదినె" అని ఏమీ ఎరగనట్టు అడగడం మాకు చిన్నప్పుడే వచ్చేస్తుంది. అట్లా కాకపోతే ఈ కామాటిపురా చాళ్లలో, వరస ఖోలీల పాత కట్టడాల్లో, ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు.

ఆ రివాజును నేను అరవై ఏళ్ళ వయసులో తప్పాను. అది కూడా ఆఫీసులో, అధికారి ముందర, ఎవరి గురించి చెబుతున్నానో ఆమె నా పక్కనే నిలబడి ఉండగా.

నా పేరు శంకర్రావు. దుకాణాల బోర్డులు రాసేవాణ్ణి. ఒకప్పుడు ఫాక్‌లాండ్ రోడ్ నుంచి ఫోరస్ రోడ్ దాకా తెలుగైనా మరాఠీ అయినా మంచి అక్షరం కనబడితే అది నా చేతిదే. ప్లాస్టిక్ బోర్డులు వచ్చాక మా పని మూలకు పడింది. ఇప్పుడు గణపతి మంటపాలకు, పెళ్ళి గేట్లకు ఏదో రాస్తుంటాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ఇప్పుడు మిగల్లేదు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. నాకు కోపం ఎక్కువని గల్లీలో పేరుంది. అబద్ధం కాదు. ఒత్తులు తప్పుగా వేసిన బోర్డు చూస్తే ఆ పూట నాకు అన్నం సయించదు.

మాది కింది అంతస్తు. నా పక్క ఖోలీ వజ్రమ్మది. ఆమె మొగుడు సెంట్రింగ్ పని చేసేవాడు. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. అందుకే ఆమె నన్ను బావా అంటుంది. పంతొమ్మిదేళ్ళ కిందట అతను కామెర్లతో పోయాడు. అప్పటికి కొడుకు ప్రతీక్‌కు తొమ్మిదేళ్ళు. దినాలు గడిచిన మర్నాడే వజ్రమ్మ జొన్నరొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి బిల్డింగుల పనులు చేసే కూలీలకు పొద్దున డబ్బాలు కట్టి ఇస్తుంది. సాయంత్రం ఏడు నుంచి అదే ఖోలీలో, ముందున్న ఓట్లా అరుగు మీద పంక్తి వేసి వడ్డిస్తుంది. రొట్టె, పప్పు, గోంగూర తొక్కు. ఇట్లాంటి భోజనాల ఇంటిని ఇక్కడ ఖానావళి అంటారు. పొద్దున ఐదింటికి తెరిచిన తలుపు మళ్ళీ అందరూ తిని వెళ్ళాకే మూస్తుంది. నేనూ ఆ పంక్తిలోనే తింటాను.

ఇక దాచడం దేనికి? ఆమె అంటే నాకు ప్రాణం. ఎప్పటి నుంచి అంటే తారీకు చెప్పలేను. మొగుడు పోయిన రెండో ఏడు వానాకాలంలో నా మంచం వీధి గోడ దగ్గర్నుంచి తీసి చెక్క గోడ పక్కకు వేసుకున్నాను. వీధి గోడకు చెమ్మ వస్తోందని అందరికీ చెప్పాను. చెమ్మ నిజమే, కానీ కారణం అది కాదు. పలకకు చెవి ఆనించి దొంగచాటుగా విన్నానని అనుకోవద్దు. మొదట్లో వినబడింది. తర్వాత విన్నాను. ఆమె ఆ పక్కన మసులుతుంటే ఈ పక్కన నా ఖోలీ నిండుగా ఉన్నట్టు ఉండేది. ఒక్కసారి కూడా నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. చెప్పాలనుకున్న రోజున కొడుకు పరీక్షో, ఆమె అత్తగారి సంవత్సరీకమో, ఏదో ఒకటి అడ్డం వచ్చేది. అడ్డం ఏమీ రాని రోజున నా పిరికితనం వచ్చేది.

ఒకే ఒక్క పని చేశాను. పదకొండేళ్ళ కిందట ఆమె గుమ్మం మీదికి ఒక బోర్డు రాసి ఇచ్చాను. మూడడుగుల రేకు, పసుపు మీద ఎర్రక్షరాలు. పైన తెలుగులో, కింద మరాఠీలో: వజ్రమ్మ ఖానావళి. నా జీవితంలో అంత శ్రద్ధగా రాసిన బోర్డు ఇంకోటి లేదు. "జ్ర" ఒక్కటే మూడుసార్లు తుడిచి రాశాను. ఆమె చూసి "నా పేరు గింత మంచిగుంటదా బావా" అంది. ఆ మాట మీద నేను రెండేళ్ళు బతికాను.

గ్రాంట్ రోడ్‌లో భూమి కింద మెట్రో స్టేషన్ తెరిచాక మా గల్లీకి కొత్త మాటలు వచ్చాయి. స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న పాత చాళ్లన్నీ పడగొట్టి కొత్త పథకం కింద కడతారట. దాని పేరు మిశ్రమ వినియోగం. రోడ్డును ఆనుకుని కింది రెండంతస్తుల్లో దుకాణాలు, వాటి మీద ఆఫీసులు, వెనకవైపు నివాసాల టవర్లు. రోడ్డు ముఖం మీద ఎవరూ కాపురం ఉండకూడదు. నివాసాల టవర్‌లో ఎవరూ పొయ్యి పెట్టి వ్యాపారం చేయకూడదు. పార్కింగ్ తక్కువ, నడిచే దారి ఎక్కువ. మా చాళ్ కమిటీ మీటింగులో ఇదంతా తెర మీద బొమ్మలేసి చూపించారు.

నేను లేచి అడిగాను. మిశ్రమం అంటే మాకు మీరు చెప్పాలా? నూరేళ్ళుగా ఒకే ఖోలీలో వండుతున్నాం, అమ్ముతున్నాం, తింటున్నాం, పడుకుంటున్నాం. ఇంతకంటే మిశ్రమం ఇంకేముంది? జనం నవ్వారు. బొమ్మలు చూపించినాయన కూడా నవ్వి, "కాకా, కొత్త నియమాల్లో ప్రతి దానికీ దాని జాగా ఉంటుంది" అన్నాడు. అంటే వాళ్ళ మిశ్రమంలో పప్పు ఒక డబ్బాలో, బియ్యం ఒక డబ్బాలో పెట్టి మూతలు బిగించి, ఆ డబ్బాలు రెండూ ఒకే సంచీలో వేస్తారు.

అసలు సంగతి ఫారంలో ఉంది. ప్రతి ఖోలీకి ఒక ఫారం, అందులో మూడు గడులు. నివాసం, వాణిజ్యం, రెండూ. నివాసం అయితే వెనక టవర్‌లో ఇల్లు. వాణిజ్యం అయితే ఉన్నంత జాగాకు రోడ్డు మీద దుకాణం, ఇల్లు మాత్రం లేదు. రెండూ అయితే చిన్న దుకాణం ముందర, చిన్న ఇల్లు వెనక. కానీ మూడో గడి దొరకాలంటే ఆ ఖోలీలో రాత్రిపూట మనిషి నిజంగా పడుకుంటున్నట్టు రుజువు చూపాలి. షట్టరు పెట్టి దుకాణం మాత్రమే నడిపేవాళ్ళు కూడా ఇళ్ళు అడుగుతారని ఆ నియమం పెట్టారట.

సర్వేకి వచ్చిన కుర్రాడి పేరు అనికేత్. చేతిలో ట్యాబ్. మర్యాదగా చెప్పులు విడిచి వజ్రమ్మ ఖోలీలోకి వెళ్ళాడు. ఆమె కింద కూర్చుని గోంగూర తుంచుతోంది. మూలన చుట్టిపెట్టిన చాప, గోడకు మొగుడి ఫొటో, దండెం మీద చీరలు. అతను చూసి, "నివాసమే కదా బాయీ" అని గడి మీద వేలు పెట్టబోయాడు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ గల్లీ అంతా నెల రోజులుగా ఒకటే మాట: స్టేషన్ ముందర దుకాణం దొరికిందంటే బంగారం దొరికినట్టే అని. ఈ కుర్రాడేమో ఆమె పంతొమ్మిదేళ్ళ కష్టాన్ని మామూలు వంటింటి కింద జమకడుతున్నాడు. నాకు మండింది.

"నివాసం ఏంటి సాహెబ్? బయటికి రండి, ఆ బోర్డు చదవండి. ఈ ఏరియాలో ఇంత పెద్ద ఖానావళి ఇంకోటి చూపించండి. పూటకు యాభై మంది తింటారు. దుకాణం కాక మరేంటిది?" అని మరాఠీలో దులిపేశాను.

అనికేత్ బయటికి వచ్చి బోర్డు ఫొటో తీసుకున్నాడు. లోపలికి వెళ్ళి పళ్ళాలు లెక్కపెట్టాడు, అరవై రెండు. పెద్ద గంజులు, పెనాలు, రెండు గ్యాసు పొయ్యిలు రాసుకున్నాడు. కరెంటు బిల్లు అడిగాడు. బోర్డు పెట్టిన మరుసటేడే కరెంటు ఆఫీసువాళ్ళు మీటరు వ్యాపారం కిందికి మార్చేశారు, బిల్లు మీద అదే ఉంది. అతను రెండో గడి మీద వేలు పెట్టాడు. దుకాణమని ఒప్పుకున్నాడని మురిసిపోయానే గానీ, ఆ గడికి ఇల్లు లేదన్నది నాకు గుర్తు రాలేదు.

"ఆ బోర్డు మా బావ రాసిండు" అంది వజ్రమ్మ అతనితో, మురిపెంగా.

మూడు నెలలకు కమిటీ గోడ మీద లిస్టు అంటించారు. నా పేరు ఎదుట నివాసం. ఆమె పేరు ఎదుట వాణిజ్యం. ఆ ఆదివారం ప్రతీక్ లోకల్ రైల్లో గంట పైన పట్టే నాలాసోపారా నుంచి పెళ్ళాం రుతుజను, కూతుర్ని తీసుకుని వచ్చాడు. పిల్లవాడు చెడ్డవాడు కాదు. కొరియర్ ఆఫీసులో పని చేసి, అప్పు మీద చిన్న ఫ్లాటు కొనుక్కున్నాడు. ఇప్పుడు తల్లితో కూడా మరాఠీలోనే మాట్లాడతాడు. "మంచిదే అయింది ఆయీ. దుకాణం కిరాయికి ఇద్దాం. నీ మోకాళ్ళు ఎంతకాలం పని చేస్తాయి? మా దగ్గరికి వచ్చెయ్" అన్నాడు. కోడలు కూడా మనసారానే రమ్మంది.

వాళ్ళు వెళ్ళాక వజ్రమ్మ ఓట్లా మీద కూర్చుంది. నేను నా గుమ్మంలో కూర్చుని ఉన్నాను.

"దుకానం ఇస్తరట బావా. నిద్రవోనీకి మాత్రం నాలాసోపారా పోవాల్నట" అంది.

అప్పటిదాకా ఈ పథకం గురించి రోజుకు నాలుగుసార్లు వాదించాను. టవర్ ఎన్ని అంతస్తులు, లిఫ్టులు ఎన్ని, నీళ్ళు ఎన్ని గంటలు, అన్నీ అడిగాను. కొత్త ఇంట్లో నా పక్కన ఎవరుంటారని ఒక్కసారి కూడా అడగలేదు. ఆమే ఉంటుందనుకున్నాను. ఇంకోలా ఉండే వీలుందని నాకు తట్టనే లేదు. బోర్డు రాసింది నేను. దాన్ని చదవమని కుర్రాణ్ణి బయటికి లాక్కొచ్చింది నేను. నా చేత్తో, నా నోటితో ఆమెను నేనే గల్లీ నుంచి బయటికి పంపాను.

"నీకు పోవాలని ఉందా?" అని అడిగాను.

"నేను ఈడికి పందొమ్మిదేండ్ల పిల్లగ వచ్చిన. ఆడ లిఫ్టుల ఎక్కితే నాకు దిగుడు రాదు. వాండ్లు మంచోల్లే. కానీ పొద్దుగాల లేసి నేను ఎవరికి రొట్టెలు కొట్టాలె?" అంది.

అంతే, నేను అప్పీలు కాగితం రాశాను. రాయడం నా పనే కదా. ముప్పై రోజుల గడువు ఉంది, రుజువులు కావాలి. అక్కడే చిక్కు పడింది. ఫ్లాటు అప్పు కోసం కొడుకు ఆమెను జామీను పెట్టుకున్నప్పుడు ఆధార్ మీద అడ్రసు నాలాసోపారాకు మార్చేశారు. రేషన్ కార్డులో ఆమె పేరు కూడా అక్కడికే పోయింది. కరెంటు బిల్లు చూస్తే దుకాణం. కాగితాల లెక్క ప్రకారం వజ్రమ్మ పొద్దున్నే విరార్ లోకల్ ఎక్కి వచ్చి వంట చేసి, సాయంత్రం మళ్ళీ అదే లోకల్‌లో వెళ్ళిపోతుంది. ఆ లోకల్ ఆమె ఏడాదికి రెండుసార్లు ఎక్కితే ఎక్కువ.

కాగితం లేనప్పుడు పక్క ఖోలీవాళ్ళ వాంగ్మూలం చెల్లుతుందని నియమంలో ఉంది. అయితే స్వయంగా తెలిసిన సంగతే చెప్పాలి. తాపీ పని చేసే బాలయ్య, పదిహేనేళ్ళుగా ఆమె చేతి తిండి తింటున్నవాడు, "నేనొచ్చి జెప్త. అవ్వ ఈడనే ఉంటది" అన్నాడు. కానీ అతను ఎనిమిదింటికి తిని సైటుకు వెళ్ళి పడుకుంటాడు. రాత్రి సంగతి నీకేం తెలుసంటే ఏం చెబుతాడు? వజ్రమ్మకు అటుపక్క ఖోలీ గోనెసంచుల గోదాం. మిగిలింది ఇటుపక్క నేను ఒక్కణ్ణే.

విచారణ రోజు బస్సులో పోతుంటే వజ్రమ్మ ఒకే మాట అంది. "ఉన్నదున్నట్టు జెప్పు బావా. కోపానికి రాకు."

అధికారి పేరు దర్శన మేడం. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళద్దాలు, ముందర కంప్యూటర్. ప్రతీక్ సెలవు పెట్టి వచ్చాడు. మా వెనక ఇంకా ఏడెనిమిది కుటుంబాలు వంతు కోసం కూర్చున్నాయి. మేడం ఫారం చూసి, ఫొటోలు చూసి, నన్ను మరాఠీలో అడిగింది.

"ఈమె రాత్రిపూట అక్కడే నివసిస్తుందని రాశారు. మీకెలా తెలుసు?"

"అందరికీ తెలుసు."

"అందరి సంగతి వద్దు. మీరు స్వయంగా చూశారా?"

ఏం ప్రశ్న ఇది? ఒంటరి ఆడమనిషి ఖోలీలోకి రాత్రిపూట నేనెందుకు తొంగిచూస్తాను? కోపం నెత్తికెక్కింది, కానీ మింగాను. "చూడలేదు" అన్నాను.

"సరే. సాక్షి స్వయంగా చూడలేదు" అని ఆమె పైకి అనుకుంటూ టైపు చేయడం మొదలుపెట్టింది. ఇంకో నిమిషంలో అయిపోయేది. తర్వాతి కుటుంబం అప్పుడే కుర్చీల్లోంచి లేస్తోంది. వజ్రమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

"వినబడుతుంది" అన్నాను.

మేడం తలెత్తింది. "ఏం వినబడుతుంది?"

మా గల్లీ పుట్టినప్పటి నుంచి ఎవరూ చెప్పనిది చెప్పబోతున్నానని నాకు తెలుసు. అయినా మొదలుపెట్టాను, మొదలుపెట్టాక ఆగలేదు.

"తొమ్మిదిన్నరకు గడియ పడుతుంది మేడం. తర్వాత గిన్నెలు బోర్లిస్తుంది, పెద్ద గంజు అన్నిటికంటే ఆఖరికి. అటువైపు పైపు కారుతుంది కాబట్టి చాప మా గోడ పక్కనే వేసుకుంటుంది. పడుకునే ముందు మర్నాడు ఏం వండాలో పైకే చెప్పుకుంటుంది. ఫ్యాను మూడు మీద పెడితే టకటకమంటుంది, అందుకని ఎంత ఉక్కగా ఉన్నా రెండు మీదే పెడుతుంది. తొలి వానలు పడ్డాక పదిహేను రోజులు దగ్గు వస్తుంది. కుడి మోకాలు నొప్పి, పక్క మీంచి లేచినప్పుడల్లా అవ్వా అంటుంది. నాలుగుంబావుకు లేస్తుంది. పిండి జల్లించుకుని రొట్టెలు కొడుతూ లెక్కపెడుతుంది. ఒకటి అనదు, మా వాళ్ళ పద్ధతిలో లాభం అంటుంది. లాభం, రెండు, మూడు. నలభై దగ్గర ఆగి నీళ్ళు తాగుతుంది. ఈ పంతొమ్మిదేళ్ళలో ఆ లెక్క వినబడని పొద్దులు పదకొండు. కొడుకు పెళ్ళికి నాలుగు, మనవరాలు పుట్టినప్పుడు మూడు, శ్రీశైలం పోయినప్పుడు నాలుగు."

మేడం చేతులు కీబోర్డు మీద అట్లాగే ఉన్నాయి. "పదకొండని ఖచ్చితంగా ఎలా చెబుతున్నారు? ఎక్కడైనా రాసుకున్నారా?"

"రాసుకోలేదు. ఆ రాత్రులు నాకు నిద్ర పట్టలేదు."

వెనక కూర్చున్న ముసలామె ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రతీక్ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. వజ్రమ్మ మాత్రం చూపు నేల మీంచి ఎత్తలేదు. ఆమె చెవులు ఎర్రబడడం నాకు కనబడింది. మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకుంది. తర్వాత చాలాసేపు టైపు చేసి, నా చేత సంతకం పెట్టించుకుంది. నా సంతకం ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది, ఆ రోజు వంకర పోయింది.

ప్రతీక్ తల్లిని ట్యాక్సీలో తీసుకెళ్ళాడు. నన్ను రమ్మని అనలేదు. నేను బస్సులో వచ్చాను.

మర్నాడు పొద్దున నాలుగున్నరకు నేను మేలుకునే ఉన్నాను. అవతల నుంచి ఏమీ వినబడలేదు. వెళ్ళిపోయిందేమో, కొడుకు రాత్రే తీసుకెళ్ళాడేమో అనుకుని గుండె ఆగినంత పనైంది. ఐదు దాటాక పలకల సందులోంచి రొట్టె కాలే వాసన వచ్చింది. అప్పుడు అర్థమైంది. ఆమె ఉంది, చప్పుడు కాకుండా ఉంది. రొట్టెలు కొట్టే పీట కింద గుడ్డ వేసుకున్నట్టుంది, గిన్నెలు నేల మీద కాక చాప మీద పెడుతోంది, లెక్క మనసులో పెట్టుకుంటోంది. నేను చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా నా నుంచి తీసేసుకుంది.

ఆ రోజు మొదలు తొమ్మిది రోజులు అట్లాగే గడిచాయి. సాయంత్రం పంక్తిలో కూర్చుంటే వడ్డించేది, నా పళ్ళెం వైపు మాత్రమే చూసేది. గల్లీలో ఎవరూ ఏమీ అనలేదు. ఆఫీసులో జరిగింది అందరికీ తెలిసింది, కానీ మా వాళ్ళకు ఎరగనట్టు ఉండడం వచ్చు కదా. నోరు ఆగనిది బాలయ్య ఒక్కడికే. నాలుగో రోజు నా పక్కన కూర్చుని చెవిలో గొణిగాడు.

"గా సాహెబుల కాడ ఏం జెప్పినవే నువ్వు? అవ్వ నోరు మూస్కొని రొట్టెలు కొడుతున్నది, లెక్క తప్పుతున్నది. నిన్న నా డబ్బాల నాలుగుకు మూడే ఉన్నయ్."

నేను నవ్వలేకపోయాను. ఆమె ఇల్లు ఆమెకు దక్కాలని నోరు విప్పాను. దక్కుతుందో లేదో తెలియదు. ఈలోగా నాకున్న ఒకే ఒక్క సంపద పోయింది. ఆమె పక్కనే ఉంది, రోజూ కనబడుతోంది, అయినా నాలాసోపారా వెళ్ళిపోయినట్టే ఉంది. నిజం చెప్పాలంటే నాలాసోపారా వెళ్ళి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. ఆ తొమ్మిది రోజులూ ఆ పలకల మీద అరచెయ్యి పెట్టుకుని పడుకున్నాను. ఈ ముసలితనంలో ఇదేం పిచ్చి అని నన్ను నేను తిట్టుకున్నాను కూడా.

పదో రోజు మధ్యాహ్నం నేను ఓట్లా మీద కూర్చుని బ్రష్షులు కడుగుతున్నాను. వజ్రమ్మ చేతిలో కాగితంతో వచ్చి పక్కనే తన ఓట్లా మీద నా వైపు తిరిగి కూర్చుంది.

"వచ్చింది" అంది. "రెండూ అని రాసిన్రు. ముంగట దుకానం, ఎనక ఇల్లు."

"మంచిదాయె" అన్నాను.

"ప్రతీక్‌కు ఫోన్ జేసి జెప్పిన. నీ ఇష్టం ఆయీ అన్నడు."

నేను నీళ్ళలో బ్రష్షు తిప్పుతూనే ఉన్నాను. తారు గల్లీలో ఎర్రటి నీళ్ళు మోరీ వైపు పోతున్నాయి.

"ఆ మేడం ముంగట అన్ని జెప్పినవ్" అంది మళ్ళీ. "ఒక్కటి జెప్పలే."

నేను ఇంకో బ్రష్షు నీళ్ళలో ముంచాను.

"ఆయన పోయిన ఏడాది నేను ఏడ్సేదాన్ని. పోరడు లేస్తడని కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సేదాన్ని. నువ్వు ఇనలేదా?"

"ఇన్న."

"మరి అది ఎందుకు జెప్పలే?"

"వాండ్ల ఫారంల దానికి గడి లేదు" అన్నాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను ఏడ్సినప్పుడల్ల నువ్వు దగ్గేటోనివి బావా. నీకు దగ్గు రోగమేం లేదు, నాకు ఎరుకే. ఆ దగ్గు ఇనంగనే నా పానం కుదుటపడేది. పక్కన మనిషున్నడు అనుకొని పండుకునేదాన్ని."

ఇన్నేళ్ళూ ఆ దగ్గు గోడకు తగిలి నా దగ్గరే ఆగిపోయిందనుకున్నాను. ఏం చెప్పాలో తెలియక అప్పట్లో దగ్గేవాణ్ణి. అదే నేను ఆమెకు చెప్పిన మాట, అది ఆమెకు చేరింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టర్పెంటైన్ ఘాటు అని చెప్పడానికి కూడా లేదు, నేను కడుగుతున్నది మామూలు నీళ్ళతో.

"ఈ కాయితం తెచ్చిన ఇంజనీరు పోరడు జెప్పిండు" అంది వజ్రమ్మ లేచి నిలబడి. "కొత్త బిల్డింగుల గోడలు సిమెంటువట, ఆరంగుళాలట. ఇవతల ఏడ్సినా అవతల ఇనరాదు. అవతల దగ్గినా ఇవతల ఇనరాదు. ఎవరికన్న ఏమన్న జెప్పేదుంటే, పోయి తలుపు గొట్టి జెప్పాలె."

ఆ మాట అని లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది.

ఆమె ఇంట్లో ఉన్నప్పుడు పట్టపగలు ఆ తలుపు మూసి ఉండడం పంతొమ్మిదేళ్ళలో నేను చూడలేదు. తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది కాబట్టి దాన్ని కొట్టే అవసరం నాకు గానీ ఇంకెవరికి గానీ ఎప్పుడూ రాలేదు. నేను బ్రష్షులు అట్లాగే వదిలేసి లేచాను. చేతులు లుంగీకి తుడుచుకున్నాను. ఎదురు చాళ్ గ్యాలరీలో బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్ళు ఆగిపోయి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. నా గుమ్మానికీ ఆమె గుమ్మానికీ మధ్య నాలుగే అడుగులు. నడిచి వెళ్ళి తలుపు కొట్టాను.

"ఎవరు?" అంది లోపల్నుంచి.

ఎవరో ఆమెకు తెలుసు. అయినా అడిగి, జవాబు కోసం తలుపు అవతల నిలబడి ఉంది.

"నేను, శంకర్రావును. నీకొక మాట జెప్పాలె" అన్నాను, గల్లీ అంతటికీ వినబడేంత గట్టిగా.